షాక్ బటన్ నొక్కినా షాక్ ఎందుకు వెళ్లలేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను గోదావరి ప్రాంతంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా దగ్గర గుండెకు షాక్ ఇచ్చే మిషన్లు, డీఫిబ్రిలేటర్లు, మూడు ఉన్నాయి. క్యాజువాలిటీలో ఒకటి, ఐసీయూలో ఒకటి, వార్డులో ఒకటి. మూడూ మూడు కంపెనీలవి. గత నెల నైట్ డ్యూటీలో ఉండగా వార్డులో 58 ఏళ్ల పేషెంటుకు గుండె వేగం 190 దాటింది, బీపీ పడిపోయింది. డ్యూటీ డాక్టరు సింక్ పెట్టి, అంటే షాక్ గుండె కొట్టుకోవడంతో కలిసి వెళ్లేలా చేసి, 100 జౌల్స్ షాక్ ఇచ్చారు. లయ కుదుటపడలేదు సరికదా, కాసేపటికే వీఎఫ్‌లోకి, అంటే గుండె కొట్టుకోకుండా వట్టిగా వణికే స్థితిలోకి, వెళ్లిపోయారు. 200కు ఛార్జ్ చేసి బటన్ నొక్కితే షాక్ వెళ్లలేదు. మళ్లీ నొక్కాం, మళ్లీ అంతే. మిషన్ పాడైందనుకుని సీపీఆర్ చేస్తూ పై అంతస్తు నుంచి ఐసీయూ మిషన్ తెప్పించాం. దానితో ఒక్క షాక్‌కే గుండె దారికి వచ్చింది. ఆయన బతికారు, వారం తర్వాత నడిచి ఇంటికి వెళ్లారు. మర్నాడు ఇంజినీరు వచ్చి చూసి, మిషన్‌లో లోపమేమీ లేదు, సింక్ ఆన్‌లోనే ఉండిపోయిందన్నారు. ఐసీయూ మిషన్‌లో షాక్ ఇవ్వగానే సింక్ దానంతటదే ఆగిపోతుంది. వార్డు మిషన్‌లో ఆగదట. ఈ తేడా మాకెవరికీ తెలియదు. “ఇంత సర్వీసు ఉండి మిషన్ చూసుకోవడం రాదా?” అని అందరి ముందూ నన్నే అన్నారు. అప్పటి నుంచి ఆ మిషన్ దగ్గరికి వెళ్లాలంటేనే చేతులు వణుకుతున్నాయి. అన్ని మిషన్లకూ ఒకే సెట్టింగు ఉండాలని ప్రభుత్వం నిబంధన ఎందుకు పెట్టదు? నర్సుగా నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

సమాధానం: అమ్మా, ముందు మిమ్మల్ని అన్న ఆ మాట సంగతి చూద్దాం. అది తప్పు మాట. ఐసీయూ మిషన్ మీద చేతికి పట్టుబడిన అలవాటును వార్డు మిషన్ మీద వాడారు. వీఎఫ్ వచ్చిన మనిషి పక్కన నిలబడి మాన్యువల్ గుర్తు చేసుకునే తీరిక ఎవరికీ ఉండదు. చెయ్యి తనకు తెలిసిన పనే చేస్తుంది. ఒకే ఆసుపత్రిలో ఒకే బటన్ రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేస్తుంటే, ఆ తేడాను నైట్ డ్యూటీ నర్సు తలలో మోయాలనడం న్యాయం కాదు. పైగా ఆ రాత్రి సీపీఆర్ ఆపకుండా రెండో మిషన్ తెప్పించారు. ఆయన నడిచి ఇంటికి వెళ్లగలిగింది అందువల్లే.

ఇది మీ ఒక్కరికే ఎదురైన చిక్కు కూడా కాదు. 2007లో అమెరికాలో పారామెడిక్‌లకు (అంబులెన్స్ సిబ్బందికి) రెండు రకాల డీఫిబ్రిలేటర్లు ఇచ్చి, బొమ్మ పేషెంట్ల మీద పరీక్షించారు. సింక్ పెట్టి ఇవ్వవలసిన షాక్‌ను అందులో సగం మంది పొరపాటున సింక్ లేకుండా ఇచ్చేశారు. వాళ్లు రోజూ ఈ పనిలోనే ఉండేవాళ్లు. మీరు సింక్ తీయడం మరిచారు, వాళ్లకు సింక్ పడలేదు. మూలం మాత్రం ఒకటే: మిషన్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో మనిషికి తెలియకపోవడం.

నాకూ అలాంటి రాత్రి ఒకటుంది. మత్తు వైద్యంలో పీజీ చేస్తున్న రోజుల్లో, ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో, బటన్ మీద వేలు బలంగా నొక్కిపట్టి “పోవడం లేదు, పోవడం లేదు” అని అరిచాను. మా సీనియర్ ఒకరు నా భుజం మీదుగా చెయ్యి చాపి, తెర కింద వెలుగుతున్న చిన్న పచ్చ లైటు పక్కన బటన్ ఒక్కసారి నొక్కారు. లైటు ఆరింది. మరుక్షణం షాక్ వెళ్లింది. ఆయన నన్ను ఏమీ అనలేదు. తెల్లవారాక ఆ మిషన్ ముందు కూర్చోబెట్టి, సింక్ వేసి తీసి, వేసి తీసి, ఇరవై సార్లు చేయించారు. మీకూ అలాంటి ఉదయం ఒకటి దక్కి ఉండాల్సింది.

ఇప్పుడు ఆ లైటు వెనుక ఉన్న సంగతి. గుండె ప్రతి కొట్టుకోవడంలోనూ ఒక చిన్న బలహీన క్షణం ఉంటుంది. ఈసీజీలో టీ అల పైకి ఎక్కుతున్న చోటు అది. సరిగ్గా అప్పుడు షాక్ తగిలితే, ఎంతో కొంత పనిచేస్తున్న గుండె కూడా వీఎఫ్‌లోకి జారిపోవచ్చు. 1960ల మొదట్లో బోస్టన్‌లో గుండె వైద్యుడు బెర్నార్డ్ లౌన్ డీసీ షాక్‌ను ఆచరణలోకి తెచ్చినప్పుడు ఈ క్షణాన్ని తప్పించే ఏర్పాటు కూడా చేశారు. మిషన్ ముందుగా ఆర్ అలను, అంటే ఈసీజీ గీతలో నిటారుగా లేచే మొనను, గుర్తుపడుతుంది, దాని వెంటనే షాక్ వదులుతుంది. సింక్ అంటే అదే. అందుకే సింక్‌లో ఉన్నప్పుడు బటన్ తట్టి వదిలేస్తే చాలదు. షాక్ వెళ్లేదాకా నొక్కి పట్టుకోవాలి, ఎందుకంటే మిషన్ తర్వాతి ఆర్ అల కోసం చూస్తుంటుంది.

వీఎఫ్‌లో ఆర్ అల అనేదే లేదు. తెర మీద ఉన్నదంతా గజిబిజి గీత. మిషన్ ఆ గీతలో ఆర్ అల కోసం వెతుకుతూ కూర్చుంది. అది మొరాయించలేదు. కొద్దిసేపటి కిందట మీరు అప్పగించిన పనికే ఇంకా కట్టుబడి ఉంది. తెర మీద ఆర్ అలల నెత్తిన కనిపించే చిన్న గుర్తులు ఆ సమయంలో ఉండి ఉండవు, లేదా ఎక్కడపడితే అక్కడ మెరిసి మాయమై ఉంటాయి. ఇకముందు షాక్ వెళ్లకపోతే మొదట చూడవలసింది అక్కడే, ఆ లైటు, ఆ గుర్తులు. మిషన్ మార్చే ఆలోచన ఆ తర్వాత.

మరి షాక్ ఇచ్చాక సింక్ ఉండాలా, పోవాలా? ఇందులో రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ బలముంది. సింక్ పోతే, మొదటి షాక్‌కు లయ మారని పేషెంటుకు రెండోది ఇచ్చేటప్పుడు మళ్లీ సింక్ వేయడం మరిచిపోవచ్చు. అప్పుడు నాడి ఉన్న మనిషికి సింక్ లేని షాక్ తగులుతుంది. సింక్ ఉండిపోతే, మీకు జరిగినట్టు వీఎఫ్‌లో షాక్ వెళ్లదు. నేను ‘పోవాలి’ అనే వైపు ఉన్నాను. నాడి ఉన్న మనిషి దగ్గర ఒక్క ఊపిరి తీసుకుని తెర చూసి సింక్ వేయడానికి వ్యవధి ఉంటుంది. వీఎఫ్ వచ్చిన మనిషికి ఆ వ్యవధి లేదు. మీ కార్డియాలజిస్టు రెండో వైపు నిలబడితే వాదించను. కానీ ఒకే కప్పు కింద రెండూ ఉండడాన్ని మాత్రం ఒప్పుకోను.

చాలా మందికి తెలియని విషయం ఒకటి చెప్పాలి. ఈ ప్రవర్తన అనేక మోడళ్లలో మార్చుకోగలిగిన సెట్టింగే. మిషన్ లోపల పాస్‌వర్డ్ అడిగే ఒక మెనూ ఉంటుంది. షాక్ తర్వాత సింక్ ఉండాలా, ఆన్ చేయగానే ఎన్ని జౌల్స్ చూపాలి, రెండో షాక్‌కు ఎనర్జీ దానంతటదే పెరగాలా, ఛార్జ్ చేసి వాడకపోతే ఎన్ని సెకన్లకు రద్దు చేయాలి, ఇలాంటివి మోడల్‌ను బట్టి అందులో ఉంటాయి. కొన్న రోజున కంపెనీ మనిషి వచ్చి బిగించి వెళ్తాడు, ఆ మెనూ ఎవరూ తెరవరు. ఫ్యాక్టరీ ఎలా పంపితే అలాగే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఇంకో ప్రమాదం, మీరు ఒకసారి మార్పించినా, సర్వీసింగులో బోర్డు మార్చినప్పుడో సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించినప్పుడో అవి మళ్లీ ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లిపోవచ్చు. సర్వీసు నుంచి వచ్చిన మిషన్‌ను ఈ మెనూ సరిచూడకుండా వార్డులోకి తీసుకోకండి.

ఇక మీ పెద్ద ప్రశ్న, అన్నిటికీ ఒకే సెట్టింగు. ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని సెట్టింగులు ఒకటి చేసి తీరాలి. జౌల్స్ అంకెను మాత్రం గుడ్డిగా ఒకటి చేయకూడదు.

ఇన్సులిన్ వయల్స్ గుర్తు చేసుకోండి. మన దగ్గర 40 యూనిట్ల వయల్ ఉంది, 100 యూనిట్ల వయల్ ఉంది. ఎర్ర మూత సిరంజి ఒకదానికి, నారింజ మూత సిరంజి ఇంకోదానికి. సిరంజి మీద గీత ఒకటే కదా అని వయల్ మార్చేస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. జౌల్స్ కూడా అలాంటివే. గుండెను మళ్లీ లయలో పెట్టేది దాని గుండా ప్రవహించే కరెంటు. ఆ కరెంటు ఏ ఆకారంలో, ఎంతసేపు వెళ్తుందన్నది కంపెనీ తయారు చేసిన తీరును బట్టి ఉంటుంది. అందుకే పెద్దవాళ్ల వీఎఫ్‌కు ఫిలిప్స్ మిషన్లు 150 జౌల్స్ చెబుతాయి. జోల్ మిషన్లు 120, 150, 200 అని మెట్లు చెబుతాయి. లైఫ్‌ప్యాక్ మిషన్లు 200, 300, 360 చెబుతాయి. మొదటి రెండు రకాల్లో మాన్యువల్ మిషన్ల గరిష్ఠమే 200. కాబట్టి “అన్ని మిషన్లలో 360 పెట్టండి” అనే ఆదేశం కొన్నింట్లో అమలే కాదు, “అన్నింట్లో 120 పెట్టండి” అనే ఆదేశం కొన్నింట్లో తక్కువ మోతాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పేదీ ఇదే: బైఫేజిక్ (కరెంటు రెండు దిశల్లో వెళ్లే) మిషన్‌కు తయారీదారు చెప్పిన మోతాదు, అది తెలియకపోతే ఆ మిషన్‌లో ఉన్న గరిష్ఠం. ఎక్కడైనా మూలన పాత మోనోఫేజిక్ (కరెంటు ఒకే దిశలో వెళ్లే) మిషన్ మిగిలి ఉంటే దానికి 360.

మీ దగ్గరున్నవి ఏ కంపెనీలవో మీరు రాయలేదు. ఏవైనా సరే, ఆ మిషన్ అంకె ఆ మిషన్ మీదే ఉండాలి. అరచేయంత కాగితం మీద పెద్ద అక్షరాలతో, ‘వీఎఫ్ పెద్దలు: ఇన్ని జౌల్స్’ అని రాయించి, లామినేట్ చేయించి, ఆన్ బటన్ పక్కన అంటించండి. దాని కిందే పిల్లల లెక్క. పిల్లలకు కిలోకు 2 జౌల్స్ మొదటిసారి, 4 రెండోసారి అని అమెరికా పద్ధతి. యూరప్ వాళ్లు మొదటి నుంచీ 4 అంటారు. మీ పిల్లల డాక్టరు ఏది పాటిస్తే అదే రాయండి. కానీ గుణకారం ముందే చేసి పెట్టండి. 12 కిలోల బిడ్డకు 24 అవుతుంది, మిషన్‌లో 24 అనే మెట్టు ఉండకపోవచ్చు, 20, 30 ఉండొచ్చు. ఏది నొక్కాలో తల్లి గుమ్మం దగ్గర ఏడుస్తుండగా తేల్చుకునే విషయం కాదది. ఆన్ చేయగానే మిషన్ పెద్దల అంకె చూపిస్తుందని, పిల్లలకు దాన్ని తగ్గించాలని కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

ప్రభుత్వ నిబంధన సంగతి. నిబంధనలు లేకపోలేదు. ఐఈసీ 60601-2-4 అనే అంతర్జాతీయ ప్రమాణం డీఫిబ్రిలేటర్ల కోసమే ఉంది. ఇచ్చే ఎనర్జీలో తేడా 15 శాతం లేదా 3 జౌల్స్, ఏది ఎక్కువైతే దాన్ని మించకూడదని, సింక్‌లో ఆర్ అల తర్వాత 60 మిల్లీసెకన్లలోపే షాక్ వెళ్లాలని, సింక్‌లో ఉన్నట్టు స్పష్టంగా చూపాలని అది చెబుతుంది. మన దేశంలో 2017 వైద్య పరికరాల నియమాలు ఉన్నాయి. ఇవన్నీ ఒక్కో మిషన్ విడిగా సక్రమంగా ఉందా లేదా చూస్తాయి. మీ వార్డు మిషన్ ఈ పరీక్షలన్నీ నెగ్గేదే. మీ ఐసీయూ మిషనూ అంతే. రెండూ మంచివే, పక్కపక్కన ఉన్నప్పుడు పుట్టిన ప్రమాదం ఇది. దాన్ని ఢిల్లీలో కూర్చున్నవాళ్లు చూడలేరు, మీ ఆసుపత్రి గోడల మధ్యే అది కనిపిస్తుంది.

షాక్ తర్వాత సింక్ ఏం కావాలో కంపెనీలన్నీ ఒక్క మాట మీదికి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. బ్రిటన్‌లో గుండె ఆగినప్పుడు ఆసుపత్రి లోపల చేసే అత్యవసర ఫోను నంబరు ఒకప్పుడు ఒక్కో చోట ఒక్కోలా ఉండేది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారిన డాక్టరు తడుముకునేవాడు. 2004లో అక్కడి రోగుల భద్రతా సంస్థ అందరూ 2222 అనే వాడాలని చెప్పింది. అలాంటి చిన్న ఏకరూపతే ఇక్కడా కావాలి. అందాకా మీ చేతిలో ఉన్నది చేద్దాం.

మొదట, ఆ రాత్రి జరిగినదాన్ని కాగితం మీద పెట్టండి. వార్డు మిషన్ జ్ఞాపకంలో ఆ రాత్రి రికార్డు ఉండే అవకాశం ఉంది. కొత్త రికార్డులు పాతవాటిని చెరిపేయకముందే ఇంజినీరుతో ప్రింటు తీయించండి. ఎవరు నొక్కారో రాయకండి. ఏ క్షణంలో మిషన్ ఏ స్థితిలో ఉందో రాయండి. ఇలాంటివి చెప్పుకోవడానికి దేశంలో 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే) కార్యక్రమం ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతుంది. పరికరం పాడైతేనే రాయాలని లేదు. వాడకంలో గందరగోళం పుట్టి ప్రాణం మీదికి వచ్చినా రాయవచ్చు, నర్సు కూడా రాయవచ్చు.

తర్వాత ఒక మధ్యాహ్నం మూడు మిషన్లనూ ఒకే బల్ల మీదకు ఒక్కొక్కటిగా తెప్పించండి. ఒకేసారి మూడూ కదిలితే ఇబ్బంది కాబట్టి ఐసీయూది చివర్లో తెండి. బయోమెడికల్ ఇంజినీరును, ఒక డాక్టరును, మీలాంటి ఇద్దరు నర్సులను కూర్చోబెట్టండి. ఈసీజీ సిమ్యులేటర్ (నకిలీ గుండె లయను పంపే పెట్టె), టెస్ట్ లోడ్ (షాక్‌ను పీల్చుకునే పెట్టె) లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. ప్యాడిల్స్ (ఛాతీకి ఆనించే చేతి పలకలు) ఒకదానికొకటి ఆనించి గాని, గాలిలో గాని షాక్ వదలవద్దు. ఒక్కో మిషన్‌నూ ఆన్ చేసి చూడండి. ఏ మోడ్‌లో లేచింది, ఎన్ని జౌల్స్ చూపింది, సింక్ షాక్ తర్వాత ఏ స్థితిలో ఉంది, సింక్ కోసం ఈసీజీ లీడ్లు విడిగా తగిలించాలా, ఛార్జ్ ఎంతసేపు నిలిచింది, ఒక మిషన్ ప్యాడ్లు ఇంకో మిషన్‌కు పడతాయా. ఆఖరిది చిన్న విషయం కాదు. క్యాజువాలిటీలో అంటించిన ప్యాడ్లతో పేషెంటు ఐసీయూకు వస్తే, అక్కడి మిషన్ కేబుల్‌కు అవి పట్టకపోతే, ఛాతీ మీద నుంచి పీకి కొత్తవి అంటించాలి. ఆ నిమిషం ఎవరి లెక్కలోనూ ఉండదు.

ఈ పట్టిక చేతికి వచ్చాక మూడింటినీ ఒకే తీరుకు మార్పించండి. ఒక మిషన్‌లో ఆ సెట్టింగు మార్చడం కుదరదని ఇంజినీరు చెబితే, దాన్ని సింక్ షాక్ అవసరం అరుదుగా వచ్చే చోటికి పంపండి, దాని మీద ‘షాక్ తర్వాత కూడా సింక్ ఉంటుంది’ అని ఎర్ర అక్షరాలతో రాయండి. తర్వాతిసారి కొనేటప్పుడు తక్కువ కొటేషన్ ఎవరిదన్న ఒక్కటే చూడవద్దని, ఇప్పటికే ఉన్నవాటితో కలిసే మిషనే కావాలని మీ నర్సింగ్ సూపరింటెండెంట్ ద్వారా రాతపూర్వకంగా అడగండి. ఆసుపత్రుల నాణ్యతను చూసే ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆసుపత్రి అయితే సీపీఆర్ జరిగిన ప్రతిసారీ సమీక్ష చేసుకోవాలి. మీ మాట పెట్టడానికి అదే సరైన చోటు.

షాక్ ఇచ్చే మనిషి నోరు కూడా ఒకే తీరుగా పలకాలి. గుండె కింది గదుల్లో పుట్టిన అతివేగం (వీటీ) అయితే “లయ వీటీ, నాడి ఉంది, సింక్ ఆన్, గుర్తులు ఆర్ మీద ఉన్నాయి, 100 జౌల్స్.” వీఎఫ్ అయితే “వీఎఫ్, నాడి లేదు, సింక్ ఆఫ్, 200.” ఎదుటివాళ్లు తెర చూసి “సింక్ ఆఫ్” అని తిరిగి చెప్పాలి. ఆ రాత్రి ఈ రెండు మాటలు ఎవరి నోటి నుంచైనా వచ్చి ఉంటే కళ్లు లైటు మీదికి వెళ్లేవి. దానితో పాటే ఆక్సిజన్ మాస్కు తీసి కనీసం మీటరు దూరం పెట్టారా, మంచానికి ఎవరైనా ఆనుకుని ఉన్నారా అన్నది కూడా పైకి చెప్పాలి. ఛార్జ్ అవుతున్నంతసేపూ ఛాతీ నొక్కడం ఆపవద్దు. షాక్ కోసం చేతులు తీసే విరామం పది సెకన్లు దాటకూడదు.

రోజువారీ చెకింగు గురించి ఒక్క మాటే. చాలా చోట్ల ప్లగ్గులో ఉంచి ఆన్ చేసి, లైటు వెలిగిందని రిజిస్టరులో టిక్కు పెడతారు. ప్లగ్గు తీసి, బ్యాటరీ మీద చూడండి. కంపెనీ చెప్పిన తక్కువ ఎనర్జీ టెస్టు చేసి, వచ్చిన స్ట్రిప్ మీద తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో చూసి రిజిస్టరులో అతికించండి. ప్యాడ్ల ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి. ప్యాడిల్స్‌కు అల్ట్రాసౌండ్ జెల్ వాడవద్దు, అది కరెంటును సరిగ్గా పోనివ్వదు.

చేతులు వణుకుతున్నాయన్నారు. ఆ వార్డు మిషన్ దగ్గరికే వెళ్లండి, తెల్లవారుజామున వార్డు నెమ్మదిగా ఉన్నప్పుడు కాదు, పట్టపగలు, ఇంజినీరు పక్కన ఉండగా, సిమ్యులేటర్ తగిలించి. సింక్ వేయండి, గుర్తులు చూడండి, తీయండి. ఇరవై సార్లు. తర్వాత మీ జూనియర్‌తో చేయించండి. మూడు మిషన్ల మోడల్ పేర్లు, ఇంజినీరుతో కలిసి రాసిన పట్టిక నాకు పంపండి. ఏది మార్పించవచ్చో, ఏది చోటు మార్చాలో ఒక్కొక్కటిగా చూసి రాస్తాను.